ఉద్యోగంలో తిరిగి చేరుతున్నాను, పాపకు పాలు మాన్పించాలని లేదు

తొలిఅడుగు · మొదటి రోజు, రాత్రి 10.40

అందరికీ నమస్కారం. ఇంకో 18 రోజుల్లో నా ప్రసూతి సెలవు పూర్తవుతుంది. పాపకు ఐదు నెలలు నిండాయి. ఇప్పటివరకు నా పాలు తప్ప వేరే ఏదీ తాగలేదు. పొద్దున ఎనిమిదిన్నరకు ఇంటి నుంచి బయలుదేరితే సాయంత్రం ఆరున్నరకు గానీ తిరిగి రాలేను. అంటే పది గంటలు. పగలు పాపను మా అమ్మ చూసుకుంటుంది.

పాలు మాన్పించడం నాకు ఇష్టం లేదు. అడిగినవాళ్లంతా మాత్రం ఒకటే చెబుతున్నారు: ఉద్యోగంలో చేరాక నెల తిరగకుండానే పాలు ఇంకిపోతాయట, ఇప్పటి నుంచే డబ్బాపాలు అలవాటు చేయాలట. పాలు పిండే పంపు కొన్నాను. నిన్న మొదటిసారి వాడితే రెండు వైపులా కలిపి 40 మిల్లీలీటర్లు వచ్చాయి. ఆ సీసా చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. పది గంటలకు ఎన్ని పాలు కావాలి? అన్ని పాలు నాకు ఎక్కడి నుంచి వస్తాయి? ఫ్రీజర్ నిండా పాలు దాచుకున్నవాళ్ల ఫొటోలు చూస్తుంటే గుండె జారిపోతోంది. ఆఫీసులో ఎక్కడ కూర్చుని పిండుకోవాలో, పై అధికారిని ఏమని అడగాలో కూడా తెలియడం లేదు. ఈ దారిలో నడిచినవాళ్లు ఉంటే చెప్పండి.

ఇద్దరిఅమ్మ · మొదటి రోజు, రాత్రి 11.25

తొలిఅడుగు గారూ, ఆ 40 మిల్లీలీటర్లు తక్కువేమీ కాదు. పాప రోజంతా కడుపు నిండా తాగుతుండగా మధ్యలో పిండితే వచ్చేది మిగులు మాత్రమే. ఆఫీసులో పిండేది మిగులు కాదు, పాప తాగవలసిన ఒక పూట పాలు. ఈ తేడా మొదటి బిడ్డప్పుడు నాకెవరూ చెప్పలేదు. నాకు పాలు లేవనుకుని రెండు వారాలు కుమిలిపోయాను. పైగా శరీరానికి తెలిసింది బిడ్డ స్పర్శ. యంత్రానికి పాలు చేపుకు రావడానికి కొన్ని రోజులు పడుతుంది.

ఇక లెక్క. నెల దాటినప్పటి నుంచి ఆరు నెలల వరకు బిడ్డ తాగే తల్లిపాలు సగటున రోజుకు 750 నుంచి 800 మిల్లీలీటర్లు. వయసుతో పాటు పెరుగుతూ పోవు. మీరు ఇంట్లో లేని ఒక్కో గంటకు 30 నుంచి 45 చొప్పున వేసుకోండి. పది గంటలకు 300 నుంచి 450. బయలుదేరే ముందు ఒకసారి కడుపు నిండా ఇచ్చి, రాగానే మళ్లీ ఇస్తే మధ్యలో మూడు సీసాలు, ఒక్కోదానిలో 100 నుంచి 120. చాలామందికి ఇంతే సరిపోతుంది.

ఫ్రీజర్ ఫొటోలు చూడకండి. సోమవారం పిండినవి మంగళవారం తాగుతుంది, మంగళవారానివి బుధవారం. ముందుగా చేతిలో ఉండవలసింది తొలిరోజుకు సరిపడే పాలు, పొరపాటున ఒలికిపోయినా ఆదుకోవడానికి ఇంకొక రోజువి. రోజూ పొద్దున పాప తాగిన గంటకు ఒక్కసారి పిండితే ఈ 18 రోజుల్లో అంతకన్నా ఎక్కువే పోగవుతాయి.

పొదుపుపెట్టె · రెండో రోజు, ఉదయం 6.10

నేను ఒప్పుకోను. ఉద్యోగంలో చేరేనాటికి నా ఫ్రీజర్‌లో నాలుగు లీటర్లు ఉన్నాయి. ఆ నిల్వే లేకపోతే మొదటి నెల నేను నిలబడేదాన్నే కాదు. అనుకోని సమావేశం వస్తుంది, జ్వరం వస్తుంది, పంపు పాడవుతుంది. రోజు సంపాదన రోజు ఖర్చు అన్నట్టు బతకమని కొత్త తల్లికి చెప్పడం సరి కాదు. వీలైనంత దాచుకోండి.

తెల్లకోటు · రెండో రోజు, మధ్యాహ్నం 2.15

నేను నర్సును. పాలిచ్చే తల్లులకు సలహాలివ్వడమే నా పని. కాబట్టి ఈ వాదంలో కలగజేసుకుంటున్నాను.

కాన్పయిన తొలి వారాల్లో పాల తయారీని ఎక్కువగా హార్మోన్లు నడిపిస్తాయి. ఆ తర్వాత పగ్గాలు రొమ్ము చేతికి వస్తాయి. ఖాళీ అయితే తయారీ వేగం పెరుగుతుంది, నిండుగా వదిలేస్తే నెమ్మదిస్తుంది. ‘ఉద్యోగంలో చేరితే పాలు ఇంకిపోతాయి’ అన్న మాట వెనుక ఉన్నది ఇదే. ఉద్యోగం పాలను తగ్గించదు; పది గంటలు తీయకుండా వదిలేయడం తగ్గిస్తుంది.

నాలుగు లీటర్ల నిల్వ మీకు ధైర్యమిచ్చింది, సంతోషం. కానీ అందులో రెండు చిక్కులు ఉన్నాయి. బిడ్డ అవసరానికి మించి పిండుతూ పోతే శరీరం కవలలు పుట్టారనుకుని తయారు చేస్తుంది. రొమ్ములు గట్టిపడటం, వాపు, నొప్పి అక్కడి నుంచే మొదలవుతాయి. రెండోది, నిల్వ ఉంది కదా అని ఆఫీసులో ఒక పూట పిండడం మానేస్తే ఆ పూట పాలు అక్కరలేదని శరీరం అనుకుంటుంది. నిల్వ పది రోజుల్లో అయిపోతుంది, తగ్గిన పాలు మిగులుతాయి. నేను చూసిన తల్లుల్లో చాలామందికి జరిగింది ఇదే.

తొలిఅడుగు గారు పది గంటల్లో మూడుసార్లు పిండగలిగితే మంచిది, అంటే మూడు గంటలకొకసారి. రెండే వీలైతే రెండు. ఒక్కోసారికి 15 నుంచి 20 నిమిషాలు. రాత్రి పాలు మాన్పించమని ఎవరైనా చెబితే ఇప్పుడే వినకండి. పాల తయారీకి మూలమైన ప్రొలాక్టిన్ అనే హార్మోన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది. పగటి లోటును రాత్రి తీరుస్తుంది.

నిల్వ విషయంలో ఇవి గుర్తుంచుకోండి. పిండిన పాలు 25 డిగ్రీలు దాటని గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలుస్తాయి. ఫ్రీజర్‌లో 6 నెలల వరకు బాగుంటాయి, 12 నెలల వరకు వాడవచ్చు. గడ్డకట్టిన ఐస్ ప్యాకులు పెట్టిన చల్లని సంచిలో 24 గంటలు. ఫ్రిజ్ తలుపులో కాకుండా వెనకవైపు పెట్టండి, తలుపు తీసి మూస్తుంటే అక్కడ చల్లదనం నిలవదు. ఫ్రీజర్ నుంచి తీసినవి ఫ్రిజ్‌లో పూర్తిగా కరిగాక 24 గంటల్లో వాడాలి, తిరిగి గడ్డకట్టించకూడదు. బిడ్డ సగం తాగి వదిలినవి రెండు గంటల తర్వాత పారబోయాలి. మైక్రోవేవ్‌లో వేడి చేయవద్దని మీ అమ్మగారికి గట్టిగా చెప్పండి. పైకి గోరువెచ్చగా అనిపించినా మధ్యలో నోరు కాలేంత వేడి ఉండిపోతుంది. వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచితే చాలు. నిలవ ఉన్న పాల మీద మీగడలా తేలేది కొవ్వు. విరిగిపోయాయని పారబోయకుండా మెల్లగా తిప్పి కలపమనండి.

పొదుపుపెట్టె · రెండో రోజు, రాత్రి 9.30

తెల్లకోటు గారూ, మీరు చెప్పిన రెండో చిక్కు నాకు ఎదురైంది. పొద్దున ఆ మాట రాయలేదు, రాసి ఉండాల్సింది. మొదటి నెల వారానికి రెండు మూడుసార్లు పిండడం ఎగ్గొట్టాను. ఆరో వారానికి వచ్చే పాలు సగమయ్యాయి. మళ్లీ పెంచుకోవడానికి నెల పట్టింది.

ఇంకో సంగతి కూడా చెబుతాను, తొలిఅడుగు గారికి పనికొస్తుంది. ఆ నాలుగు లీటర్లలో మొదటి సంచి కరిగించి పట్టబోతే బాబు మొహం తిప్పుకున్నాడు. వాసన చూస్తే సబ్బులా ఉంది. పాడైపోయాయనుకుని సగం సంచులు పారబోశాను. ఒక్కొక్క సంచి తెరిచి ఒలకబోస్తుంటే ఆ పిండిన రాత్రులన్నీ గుర్తొచ్చాయి. ఎక్కువ దాచుకోవాలన్న మాట మీద నేను ఇంకా ఉన్నాను, కానీ దాచేముందు ఒక సంచి వారం ఉంచి, కరిగించి, బిడ్డ తాగుతుందో లేదో చూసుకోండి.

తెల్లకోటు · రెండో రోజు, రాత్రి 10.05

ఆ పాలు పాడైపోలేదండీ. పాలలో సహజంగా ఉండే లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును విడగొట్టడం వల్ల ఆ వాసన వస్తుంది. తాగితే హాని లేదు, కొందరు పిల్లలు పట్టించుకోకుండా తాగేస్తారు కూడా. తాగని పిల్లలకైతే పిండిన వెంటనే అంచుల్లో చిన్న బుడగలు వచ్చేవరకు మాత్రమే వేడి చేసి, త్వరగా చల్లార్చి, అప్పుడు ఫ్రీజర్‌లో పెట్టాలి. మరగనివ్వకూడదు.

బృందనాయకి · మూడో రోజు, మధ్యాహ్నం 1.20

అధికారిని ఎలా అడగాలన్న దానికి నేను చెబుతాను. నేను ఇటూ అటూ ఉన్నదాన్ని: ఒకప్పుడు అడిగాను, ఇప్పుడు నన్ను అడుగుతున్నారు.

చేరిన రోజున కాదు, చేరడానికి రెండు వారాల ముందే అడగండి. ‘పాపకు పాలు పిండుకోవాలి, ఏమైనా ఏర్పాటు చేస్తారా’ అని రాస్తే ఎదుటివాళ్లకు ఏం చేయాలో తెలియక దాటవేస్తారు. లోపలి నుంచి గడియ పడే గది, ఒక కుర్చీ, ఒక ప్లగ్గు, సీసా పెట్టుకోవడానికి చిన్న బల్ల కావాలని, పదిన్నరకు, ఒంటిగంటకు, మూడున్నరకు ఇరవై నిమిషాలు చొప్పున కావాలని విడమరచి రాయండి. ఎన్ని నెలలకో కూడా రాయండి. గడువు కనిపిస్తే ఒప్పుకోవడం తేలిక. ఆ వేళలను మీ పనిపట్టికలో ముందే నింపేయండి, అక్కడ వేరే సమావేశం పెట్టలేరు.

మరుగుదొడ్డిలో చేసుకోమంటే మాత్రం ఒప్పుకోవద్దు. అక్కడ ఎవరూ భోజనం చేయరు. మీరు సిద్ధం చేస్తున్నది ఒక బిడ్డ భోజనం.

రెండోషిఫ్టు · మూడో రోజు, రాత్రి 11.50

మీ మాటలన్నీ చదువుతున్నాను. గది, బల్ల, ఫ్రిజ్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. నాది యంత్రం దగ్గర నిలబడి చేసే పని. ఎనిమిదిన్నర గంటల షిఫ్టులో భోజనానికి అరగంట, టీకి పది నిమిషాలు రెండుసార్లు. ఎలక్ట్రిక్ పంపు కొనే స్తోమత లేదు, కొన్నా ప్లగ్గు లేదు.

నేను చేత్తో పిండాను. ఒక ఆరోగ్య కార్యకర్త నేర్పింది. బొటనవేలు పైన, రెండు వేళ్లు కింద, చనుమొనకు సుమారు మూడు సెంటీమీటర్ల వెనక. ముందు ఛాతీ వైపు లోపలికి నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తెచ్చి వదలాలి. చర్మం మీద వేళ్లు జారకూడదు, చనుమొనను లాగకూడదు. మొదటి నాలుగు రోజులు చుక్కలే. రెండు వారాలు గడిచేసరికి పది నిమిషాల్లో రెండు వైపులా అయిపోయేది. సామాను గదిలో గోడకు తిరిగి కూర్చునేదాన్ని, నా పక్క యంత్రం మీద పనిచేసే అక్క తలుపు దగ్గర నిలబడేది. ఆమె లేకపోతే నా బాబు అన్ని నెలలు నా పాలు తాగేవాడు కాదు. ఐస్ ప్యాకు పెట్టిన సంచిలో పాలు ఇంటికి తెచ్చేదాన్ని.

పంపు లేదని ఎవరైనా ఆగిపోతుంటే ఆగకండి. చెయ్యి ఉంది.

హక్కులపుట · నాలుగో రోజు, ఉదయం 8.00

రెండోషిఫ్టు గారూ, మీరు సామాను గదిలో దొంగచాటుగా చేసుకోవలసి వచ్చిన ఆ పని నూరేళ్ల కిందటే హక్కుగా రాసి ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో, తాను పుట్టిన ఏడే, మూడో ఒప్పందంలో పాలిచ్చే తల్లికి పనివేళల్లో రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున ఇవ్వాలని చెప్పింది. 2000లో వచ్చిన 183వ ఒప్పందం ఆ విరామాలను పనివేళలుగానే లెక్కగట్టి జీతం ఇవ్వాలంటుంది. అన్ని దేశాలూ దానిని ఆమోదించలేదు, ఆమోదించిన చోట కూడా అమలు ఒక్కో తీరుగా ఉంటుంది. అందుకని ముందు మీ దేశపు ప్రసూతి చట్టంలో పాలిచ్చే విరామం గురించి ఏముందో చదవండి. అడిగేటప్పుడు దయగా ఇవ్వమని కాకుండా ఫలానా నిబంధన ప్రకారం అని రాస్తే జవాబు వచ్చే తీరు మారుతుంది.

తొలిఅడుగు · తొమ్మిదో రోజు, రాత్రి 9.15

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. బృందనాయకి గారు చెప్పినట్టే రాశాను. రెండో రోజే గది ఇస్తామని జవాబు వచ్చింది. పాలు ఇప్పుడు 70 దాకా వస్తున్నాయి.

కొత్త కష్టం వచ్చింది. పాప సీసా ముట్టడం లేదు. నేను పట్టబోతే పాలపీకను నాలుకతో తోసేసి నా రొమ్ము వెతుక్కుంటోంది. నిన్న మా అమ్మ ప్రయత్నిస్తే నలభై నిమిషాలు ఏడ్చింది. ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆకలితో మాడ్చి అలవాటు చేయమని ఒకరు చెప్పారు. నా వల్ల కాదు.

పాపనాన్న · తొమ్మిదో రోజు, రాత్రి 11.00

మాడ్చకండి. మా ఇంట్లో సీసా పట్టే పని నాది, పదకొండు రోజులు పట్టింది. ఎలా జరిగిందో రాస్తాను.

మొదట మా ఆవిడ పక్క గదిలో ఉండేది. పాపకు వాసన తెలిసిపోతుంది, అమ్మ ఉండగా సీసా ఎందుకు తాగుతుంది? తర్వాత ఆమె ఆ వేళకు ఇంట్లోంచి బయటికి వెళ్లడం మొదలుపెట్టాం. బాగా ఆకలేసి ఏడుస్తున్నప్పుడు కాకుండా, నిద్ర లేచి కాస్త ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇచ్చాను. ఒళ్లో పడుకోబెట్టకుండా దాదాపు నిటారుగా కూర్చోబెట్టాను. సన్నగా ధార వచ్చే పీక పెట్టి, సీసాను అడ్డంగా, నేలకు సమాంతరంగా పట్టుకుని, పెదవికి తాకించి తనంతట తాను నోరు తెరిచేవరకు ఆగాను. కొన్ని గుక్కలు తాగాక సీసా వంచేసి ఊపిరి తీసుకోనిచ్చాను. రొమ్ము దగ్గర పాలు ఆగి ఆగి వస్తాయి కదా, సీసా కూడా అలాగే ఉండాలి. గబగబా పోస్తే బిడ్డ అవసరానికి మించి తాగేస్తుంది, అప్పుడు అమ్మ ఎంత పిండినా చాలదు.

పది నిమిషాలు చూసి, ఏడిస్తే ఆపేసేవాణ్ని. మళ్లీ మర్నాడే. పదకొండో రోజున 60 మిల్లీలీటర్లు తాగింది. తాగినంతసేపూ నా మొహంలోకే చూసింది.

తెల్లకోటు · పదో రోజు, ఉదయం 7.30

సీసా ససేమిరా అంటే చిన్న గిన్నెతో పట్టవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకే గిన్నెతో పడతాం. గిన్నె అంచును కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవికి తగిలేలా వంచితే చాలు, బిడ్డే నాలుకతో అందుకుంటుంది. నోట్లో పోయకూడదు.

కొందరు పిల్లలు పగలు ఏదో కొంచెం తాగి, అమ్మ వచ్చాక రాత్రంతా తాగుతారు. పాప మూత్రం పోసే తీరు, బరువు బాగుంటే అది జబ్బు కాదు, పాప తన లెక్క సరిచేసుకుంటోంది. మీకు నిద్ర కరువవుతుంది, ఆ నెలలో ఇంటిపని మొత్తం ఇతరులకు అప్పజెప్పండి.

తొలిఅడుగు · నలభై ఒకటో రోజు, రాత్రి 10.20

చేరి మూడు వారాలు దాటింది. పాప మా అమ్మ చేతి గిన్నెతో తాగుతోంది, సీసా ఇప్పటికీ వద్దంటోంది. ఆరు నెలలు నిండాక మెత్తని ఆహారం కూడా మొదలుపెట్టాం.

మొదటి వారం బాగా గడిచింది, రోజుకు 340 దాకా వచ్చాయి. ఈ వారం 210కి పడిపోయాయి. రోజూ సీసాలోని గీతల వైపు చూడటం, చూసి నీరుగారిపోవడం. ఏం తప్పు చేశానో అర్థం కావడం లేదు.

తెల్లకోటు · నలభై రెండో రోజు, ఉదయం 6.50

తప్పు సంగతి తర్వాత, ముందు కొన్ని ప్రశ్నలు. నెలసరి మళ్లీ మొదలైందా? దానికి ముందు కొన్ని రోజులు పాలు తగ్గి, వచ్చాక తిరిగి పుంజుకుంటాయి. జలుబుకు మాత్రలు వేసుకున్నారా? ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ పాలను తగ్గిస్తుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ అంతే. పంపులోని చిన్న రబ్బరు వాల్వు ఎన్నాళ్లుగా వాడుతున్నారు? అది సాగిపోతే మోటారు మోత అలాగే ఉంటుంది, పీల్చే బలం పోతుంది. రొమ్ముకు పెట్టే గరాటు కొలత సరిపోతోందా? చనుమొన అంచులకు రాసుకుని ఎర్రబడుతుంటే కొలత తప్పు. చివరిగా, పిండేటప్పుడు సీసాను చూస్తున్నారా? దానిమీద ఒక మేజోడు తొడగండి. ఆందోళన పాలను ఎండగట్టదు గానీ చేపుకు రానివ్వదు.

తొలిఅడుగు · నలభై రెండో రోజు, రాత్రి 9.40

నెలసరి నిన్న వచ్చింది. వాల్వు వేలితో లాగి చూస్తే చివర చీలి ఉంది. ఈ రెండింటికీ నన్ను నేను తిట్టుకుంటూ ఐదు రోజులు గడిపాను.

సగందూరం · నలభై మూడో రోజు, రాత్రి 1.30

నేను ఎప్పుడూ చదివి వెళ్లిపోతుంటాను. ఇవాళ రాయాలనిపించింది.

బాబుకు ఏడో నెలలో నాకు రొమ్ము ఒకవైపు ఎర్రగా వాచి చలిజ్వరం వచ్చింది. పాలు గడ్డకట్టాయని ఇంట్లోవాళ్లు గట్టిగా మర్దనా చేశారు, నేను రోజుకు ఎనిమిదిసార్లు పిండాను. మరింత వాచింది. మూడు రోజులు ఓర్చుకుని డాక్టరు దగ్గరికి వెళితే, మర్దనా చేయకూడదని, చల్లని కాపడం పెట్టాలని, బిడ్డకు మామూలుగా ఇస్తూ ఉండాలే తప్ప అదనంగా పిండకూడదని చెప్పారు. జ్వరం ఒక్క రోజులో దిగకపోతే వెంటనే రావలసిందన్నారు. మందులతో తగ్గింది. కానీ ఆ తర్వాత పంపు చూస్తేనే వణుకు పుట్టేది. ఎనిమిదో నెలలో, ఒకేసారి కాకుండా వారానికో పూట చొప్పున, ఆఫీసులో పిండడం ఆపేశాను. పగలు డబ్బాపాలు, ఆహారం. ఓడిపోయానని చాలా రోజులు ఎవరితోనూ చెప్పలేదు.

పొద్దున ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి, రాత్రి, సెలవు రోజుల్లో ఎన్నిసార్లయినా ఇస్తూనే ఉన్నాను. పాలు ఇంకిపోతాయనుకున్నాను. ఆ వేళలకు తగ్గట్టు సర్దుకున్నాయి. బాబు రెండేళ్లు నిండి నాలుగు నెలలు వచ్చేవరకు తాగాడు. పంపు ఆపినంత మాత్రాన పాలివ్వడం ఆగిపోదని నాకు ఆనాడు చెప్పేవాళ్లు లేరు. ఇక్కడ ఎవరైనా ఆ అంచున ఉంటే చదువుతారని రాస్తున్నాను.

ఇద్దరిఅమ్మ · నలభై మూడో రోజు, ఉదయం 6.00

సగందూరం, తల్లీ, అది సగం దూరం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మొదటి ఆరు నెలలు తల్లిపాలే, ఆపైన ఆహారంతో పాటు రెండేళ్లు, ఇష్టమైతే ఇంకా ఎక్కువ కాలం అని. నువ్వు అక్కడికి చేరావు.

రెండోషిఫ్టు · నలభై మూడో రోజు, రాత్రి 11.55

చదివాను. నాకూ ఒకసారి అలాగే జ్వరం వచ్చింది. మీరు రాసినందుకు చాలా మంచిదైంది.

తొలిఅడుగు · ఏడు నెలల తర్వాత

చాలా రోజులకు వచ్చాను. పాపకు ఏడాది నిండింది. తొమ్మిదో నెలలో మూడు పూటలను రెండు చేశాను, పదకొండో నెలలో ఒకటి. పోయిన శుక్రవారంతో ఆఫీసులో పిండడం పూర్తిగా ఆపాను. పొద్దున, సాయంత్రం, రాత్రి మామూలే. గుమ్మంలో నా చెప్పుల చప్పుడు వినగానే పాకుతూ వచ్చి చీర కుచ్చిళ్లు పట్టుకుంటుంది. సంచి కింద పెట్టే వ్యవధి కూడా ఇవ్వదు.

పొదుపుపెట్టె గారూ, ఫ్రీజర్‌లో నాకు ఎప్పుడూ ఆరు సంచులకు మించి లేవు. అందులో నాలుగు పాపకు జ్వరం వచ్చిన వారంలో అక్కరకొచ్చాయి. మీరన్నదీ నిజమే.

గది తాళంచెవి తిరిగి ఇవ్వబోయాను. మా విభాగంలో ఇంకొకరు ప్రసూతి సెలవులో ఉన్నారు, రెండు నెలల్లో వస్తారు. గదిని సామానుకు వాడుకోకుండా అలాగే ఉంచమని రాసిచ్చాను, ఒప్పుకున్నారు. కుర్చీ, బల్ల అక్కడే ఉన్నాయి. పంపు మాత్రం నాది ఒక్కరే వాడవలసిన రకం, ఇవ్వకూడదు కాబట్టి తెచ్చేసుకున్నాను. ఆమెకు ఈ పేజీ పంపాను. ఈ రాత్రికి ఏదైనా అడుగుతుందేమో, దయచేసి ఎవరైనా చూస్తూ ఉండండి.